కనోస్సా చుట్టుపక్కల కొండ కోటలు చూడాలనుకునే వాళ్లకి: తరచుగా అడిగే ప్రశ్నలు

పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా ఊళ్లలో చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు, సెలవులకి వాళ్ల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగేది ఈ కోటల గురించే. ప్రతిసారీ అవే సందేహాలు, ప్రతిసారీ అవే వాయిస్ మెసేజ్‌లు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న వెతుక్కుని అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇటలీ అంటే రోమ్, వెనిస్ కదా, ఈ కోటలు ఎక్కడున్నాయి?

మిలాన్ నుంచి బొలోన్యా వైపు రైలెక్కితే కుడిచేతి పక్కన దూరంగా నీలంగా ఒక కొండల వరస కనిపిస్తుంది. అవే అపెన్నైన్ పర్వతాలు. వాటి పాదాల దగ్గర, రెజ్జో ఎమీలియా, పార్మా జిల్లాల మధ్య ఎన్జా అనే ఏరు పారుతుంది. ఆ ఏటికి రెజ్జో వైపున్న కొండల మీద కనోస్సా, రొస్సేనా, సర్జానో, కార్పినేతి, బియానెల్లో కోటలున్నాయి, పార్మా వైపు తొర్రెక్యారా, ఇంకా లోపలికి పోతే బార్దీ. రెజ్జో వైపు కోటలు చాలావరకు ఒకే వంశం చేతిలో ఉండేవి. 10వ శతాబ్దంలో అదాల్బెర్తో అత్తో అనే ఆయన కనోస్సా బండ మీద కోట కట్టించాడు, ఆయన మునిమనవరాలే కౌంటెస్ మతిల్దా. ఈ ప్రాంతంలో ఎక్కడికెళ్లినా ఆవిడ పేరు వినిపిస్తుంది.

ఫోటోల్లో కనోస్సా అంటే ఒక గోడ ముక్కే కనిపిస్తోంది. అంత దూరం వెళ్లడం దండగ కాదా?

నిజమే, గోడలు కొంచెమే మిగిలాయి. 1255లో రెజ్జో నగరం వాళ్లు కోటని పడగొట్టారు, ఆ తర్వాత శతాబ్దాల పాటు కొండచరియలు విరిగిపడి కోట నిలబడ్డ బండ కూడా చాలా భాగం పోయింది. కాబట్టి రాజమందిరాలు, దర్బారు హాళ్లు ఉంటాయనుకుని వెళ్తే నిరాశపడతారు. కానీ నాకు ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. తెల్లటి ఇసుకరాతి బండ, దాని కింద బూడిద రంగు మట్టి కొండలు వానకి కోసుకుపోయి చాకుతో చెక్కినట్టు ఉంటాయి, వీటిని ఇక్కడి వాళ్లు కలాంకీ అంటారు. పైకెక్కి నిలబడితే ఒకవైపు మైదానం, ఒకవైపు పర్వతాలు, ఎదురుగా రొస్సేనా కోట కనిపిస్తాయి. ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకుని వెళ్లండి, అప్పుడు ఆ గోడ ముక్క చాలు. తెలియకుండా వెళ్తే పావుగంటలో దిగి వచ్చేస్తారు. అలా దిగి వచ్చేసిన వాళ్లని చాలామందిని చూశాను, నాకు ప్రతిసారీ బాధేస్తుంది.

అక్కడ జరిగిందేంటి? 1077 అంటారు కదా, ఆ కథ టూకీగా చెప్పండి.

జర్మనీ రాజు నాలుగో హెన్రీకి, పోప్ ఏడో గ్రెగరీకి మధ్య బిషప్పులను ఎవరు నియమించాలి అనే దాని మీద పెద్ద తగాదా. 1076లో హెన్రీ పోప్‌ని గద్దె దిగమన్నాడు, పోప్ హెన్రీని మతం నుంచి వెలివేశాడు. వెలి అంటే ఆ రోజుల్లో మాటలు కాదు, రాజుకి చేసిన ప్రమాణాలు చెల్లవని పోప్ ప్రకటించేసరికి జర్మనీలో సామంతులు ఎదురు తిరిగారు, ఏడాదిలోగా వెలి తీయించుకోకపోతే నిన్ను రాజుగా ఒప్పుకోం అన్నారు.

పోప్ జర్మనీకి బయల్దేరాడు. హెన్రీ ఆయన్ని దారిలోనే కలవాలని చలికాలం మధ్యలో భార్యాబిడ్డలతో ఆల్ప్స్ దాటి వచ్చాడు. రాజు సైన్యంతో వస్తున్నాడేమో అని పోప్ మతిల్దా కోట అయిన కనోస్సాలో ఆగిపోయాడు. 1077 జనవరి చివర్లో మూడు రోజులు హెన్రీ రాజచిహ్నాలన్నీ తీసేసి, ఉన్ని బట్ట కట్టుకుని, చెప్పుల్లేకుండా కోట గుమ్మం దగ్గర క్షమాపణ కోసం నిలబడ్డాడని పోప్ తన ఉత్తరంలో స్వయంగా రాశాడు. లోపల మతిల్దా, హెన్రీకి జ్ఞానస్నానపు తండ్రి అయిన క్లూనీ మఠాధిపతి హ్యూ, హెన్రీ అత్తగారు తూరిన్ అదెలైదే, అందరూ పోప్‌ని బతిమాలారు. జనవరి 28న వెలి తీసేశారు.

దాంతో గొడవ తీరిపోలేదు, కొన్నేళ్లకే మళ్లీ మొదలైంది, 1084లో హెన్రీ రోమ్‌ని పట్టుకుని తన సొంత పోప్ చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. కానీ ఆ మూడు రోజుల మంచు మాత్రం యూరప్‌కి గుర్తుండిపోయింది. ఇప్పటికీ ఇటాలియన్‌లో, జర్మన్‌లో కనోస్సాకి వెళ్లడం అంటే తల వంచి క్షమాపణ చెప్పుకోవడం అని అర్థం. 1872లో బిస్మార్క్ జర్మన్ పార్లమెంటులో మేం కనోస్సాకి వెళ్లం అని అన్నది కూడా ఈ సంగతి మనసులో పెట్టుకునే.

మతిల్దా అంటే మన రుద్రమదేవి లాంటి ఆవిడా?

తెలుగువాళ్లందరికీ వచ్చే పోలికే ఇది. ఇద్దరూ మగవాళ్ల రాజ్యాల మధ్య కోటల్ని నమ్ముకుని పాలించిన ఆడవాళ్లే. రుద్రమ 13వ శతాబ్దం, మతిల్దా అంతకన్నా ముందు, 1046లో పుట్టి 1115లో పోయింది. తేడా ఎక్కడంటే, రుద్రమని గణపతిదేవుడు ఏరికోరి వారసురాలిని చేశాడు, మతిల్దాకి మాత్రం 1052లో తండ్రి హత్యకి గురై, తోబుట్టువులు కూడా చిన్నతనంలోనే పోవడంతో ఆస్తంతా వచ్చింది. టస్కనీ నుంచి మాంతువా దాకా భూములు. పిల్లలు బతకలేదు కాబట్టి ఆవిడ పోయాక ఆ భూముల కోసం పోపులూ చక్రవర్తులూ చాలాకాలం కొట్టుకున్నారు. ఆవిడ సమాధి ఇప్పుడు రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చిలో ఉంది, శిల్పి బెర్నీనీ రూపకల్పన.

ఒక్కరోజే ఉంది. ఏవి చూడమంటారు?

కనోస్సా, రొస్సేనా. ఈ రెండే. రెండిటి మధ్య మూడు నాలుగు కిలోమీటర్లే, కానీ రెండూ పూర్తిగా వేరు. కనోస్సా తెల్లబండ మీద శిథిలం, రొస్సేనా ఎర్రటి అగ్నిపర్వత శిల మీద ఇంకా కప్పులతో సహా నిలిచి ఉన్న కోట. దాని ఎదురుగా ఇంకో గుట్ట మీద రొస్సెనెల్లా అనే ఒంటరి బురుజు. రోజుకి నాలుగు కోటలు అని ప్లాన్ వేసుకుని వచ్చేవాళ్లు చివరికి నాలుగు పార్కింగులు చూసి వెళ్తారు, ఆ దారుల మలుపులు అలాంటివి.

పిల్లలకి పెద్ద కోట, బురుజులు, గదులు కావాలి. శిథిలాలంటే విసుక్కుంటారు.

అయితే తొర్రెక్యారాకి తీసుకెళ్లండి. పార్మాకి దక్షిణంగా దగ్గరలోనే ఉంది. 1448 నుంచి 1460 మధ్య పియెర్ మరియా రొస్సీ అనే ప్రభువు కట్టించాడు, నాలుగు మూలలా నాలుగు బురుజులు, చుట్టూ ప్రాకారాలు, బొమ్మల్లో గీసినట్టే ఉంటుంది. పైన బంగారు గది అనే గదిలో గోడల మీద ఆయన ప్రేయసి బియాంకా పెల్లెగ్రీనీ తన వాడిని వెతుక్కుంటూ కోట నుంచి కోటకి తిరుగుతున్నట్టు చిత్రాలున్నాయి, ఆయన కోటలన్నీ ఒక్కొక్కటే గుర్తుపట్టేలా వేశారు. పిల్లలకి ఆ కోటల్ని లెక్కపెట్టే పని అప్పజెప్పండి. పియాచెంజా వైపు ఉండేవాళ్లకైతే కస్తెల్లార్క్వాతో మంచిది, 1340లలో కట్టిన రోక్కా అంటే దుర్గం, దాని చుట్టూ పాత ఊరు, అన్నీ నడకలో అయిపోతాయి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం కోటల మీద నీడ ఉండదు, మైదానంలో ఉక్క మన విజయవాడని గుర్తు చేస్తుంది. ఆగస్టు 15 చుట్టూ ఇక్కడ అందరికీ సెలవులు, చిన్న ఊళ్లలో హోటళ్లు, కొట్లు మూసేస్తారు. నవంబర్ నుంచి జనవరి దాకా మైదానమంతా పొగమంచు. అయితే ఒక్కో రోజు పొగమంచు కిందనే ఆగిపోయి కొండల మీద ఎండ కాస్తుంది, అప్పుడు కోట నుంచి చూస్తే కింద తెల్లటి సముద్రం. అది దొరికిన రోజు అదృష్టం.

## ప్రయాణం

కారు లేకుండా కనోస్సా వెళ్లగలమా?

వెళ్లగలం, కానీ నడవాలి. రెజ్జో ఎమీలియా నుంచి చానో దెన్జాకి చిన్న లోకల్ రైలు లైను, బస్సులూ ఉన్నాయి. చానోలో దిగి రొస్సేనా మీదుగా కనోస్సాకి ఎక్కుతూ నడిస్తే రెండు గంటలకు పైనే పడుతుంది, దారి మాత్రం చాలా బాగుంటుంది. ఆదివారాలు, పండగ రోజుల్లో సర్వీసులు బాగా తగ్గిపోతాయి, ఒక్కోసారి ఉండవు కూడా, కాబట్టి తిరుగు బండి టైము చూసుకోకుండా ఎక్కకండి. నేను ఒకసారి చివరి బస్సు తప్పిపోయి చీకట్లో రోడ్డు పక్కన గంటన్నర నడిచాను, ఆ రోడ్లకి ఫుట్‌పాత్ ఉండదు, మలుపుల దగ్గర కారు వస్తుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. నలుగురు కలిస్తే రోజుకి కారు అద్దెకి తీసుకోవడమే మేలు. ఇంకొక్క సంగతి, కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం మీద మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఫైన్.

మిలాన్ నుంచి హైస్పీడ్ రైల్లో వస్తే రెజ్జోలో ఎక్కడ దిగుతాం?

మెదియోపదానా స్టేషన్‌లో. 2013లో తెరిచిన తెల్లటి అలల్లాంటి స్టేషన్, కలత్రావా అనే ఆర్కిటెక్ట్ రూపకల్పన. అది ఊరికి ఉత్తరంగా బయట ఉంటుంది, ఊళ్లోని పాత స్టేషన్ వేరు. రెండిటినీ ఒకటే అనుకుని టైము తక్కువ పెట్టుకుంటే కనెక్షన్ తప్పుతుంది.

ఇండియా లైసెన్స్ మీద కారు నడపొచ్చా?

టూరిస్టుగా వచ్చినవాళ్లు ఇండియా లైసెన్స్‌తో పాటు అక్కడే తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పెట్టుకుని నడపొచ్చు. ఇక్కడ నివాసం నమోదు చేసుకున్నాక ఏడాది దాటితే ఆ లైసెన్స్ చెల్లదు, ఇటాలియన్ పరీక్ష రాయాల్సిందే, నేరుగా మార్చుకునే వీలు మనకి లేదు. అద్దె కార్లలో గేర్ బళ్లే ఎక్కువ, బండి కుడివైపు నడపాలి. కొండదారిలో మలుపుకి ముందు హారన్ కొట్టడం తప్పేం కాదు. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది కొండల్లో కాదు, ఊళ్లో: పాత నగరం మధ్యలో జోనా త్రాఫికో లిమితాతో అని బోర్డు ఉంటుంది, పర్మిట్ లేకుండా దాటితే కెమెరా ఫోటో తీస్తుంది, నెలల తర్వాత ఫైను, దాని మీద అద్దె కంపెనీ ఫీజు. కారు ఊరి బయట ఆపుకోండి.

## కోట దగ్గరికి వచ్చాక

వెళ్లేసరికి తలుపు మూసి ఉంటే?

అందరికీ ఒక్కసారైనా జరిగేదే ఇది. సోమవారం చాలాచోట్ల సెలవు, చలికాలంలో గంటలు తగ్గిస్తారు, చిన్న కోటలు వారాంతాల్లోనే తెరుస్తారు, కొన్నిటికి గైడ్‌తో పాటు నిర్ణీత సమయానికే లోపలికి పంపుతారు. బయల్దేరే రోజు పొద్దున్నే ఆ కోట సొంత పేజీ చూసుకోవాలి లేదా ఫోన్ చేయాలి, మ్యాప్‌లో చూపించే టైములు నమ్మొద్దు. ఫోన్‌లో భయపడక్కర్లేదు, ఓజ్జీ సియెతె అపెర్తీ? అంటే చాలు, ఈరోజు తెరిచారా అని అర్థం. తొర్రెక్యారా ప్రభుత్వానిది కాబట్టి నెలలో మొదటి ఆదివారం టికెట్ ఉండదు, జనం మాత్రం ఉంటారు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎక్కగలదా?

కనోస్సాకి పార్కింగ్ నుంచి పైకి కొద్ది నిమిషాల దారే, కానీ నిటారుగా ఉంటుంది, మెట్లూ ఉంటాయి. మెల్లగా ఆగి ఆగి ఎక్కగలిగితే పర్వాలేదు. ఎక్కలేకపోయినా కింద దారిలో నుంచే బండ మొత్తం కనిపిస్తుంది, నిజానికి కోట ఎంత ఎత్తున ఉండేదో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. పెద్దవాళ్లతో వస్తే కస్తెల్లార్క్వాతో లాంటి ఊరు సులువు, కాకపోతే అక్కడా గుండ్రాళ్లు పరిచిన వీధులే, హీల్స్ వద్దు.

శిథిలాల్లో ఏం చూడాలో అర్థం కాదు. రాళ్లన్నీ ఒకేలా ఉంటాయి.

మొదట గోడల్ని వదిలేసి నేలని చూడండి. ఇక్కడే ఎందుకు కట్టారు? కనోస్సాలో బండకి మూడు వైపులా దాదాపు నిటారు లోయ, కాబట్టి శత్రువు ఎక్కడానికి ఒకటే దారి, గోడల ఖర్చు అక్కడ పెడితే సరిపోతుంది. తర్వాత ఎదుటి కొండల్ని చూడండి. ఒక కోట నుంచి ఇంకో కోట, దాని నుంచి ఇంకో బురుజు కనిపించేలా వరస పేర్చారు, ఏటి లోయలో ఎవరు కదిలినా తెలిసిపోయేది. ఇవి విడివిడి కోటలు కావు, ఒక వల. ఆ మాట ఒక్కసారి బుర్రకెక్కితే ప్రతి గుట్టా వేరేగా కనిపిస్తుంది.

1092లో ఆ వల పని చేసింది. హెన్రీ మళ్లీ వచ్చాడు, ఈసారి చెప్పుల్లేకుండా కాదు, సైన్యంతో. మతిల్దా కోటలోనే చిక్కుకుపోకుండా కొంత బలగంతో బియానెల్లోకి జారుకుంది. హెన్రీ కనోస్సా ముందుకి వచ్చేసరికి దట్టంగా పొగమంచు కమ్మింది, కోట లోపలి మతిల్దా మనుషులూ, బయట ఆవిడతో ఉన్న బలగమూ రెండు వైపుల నుంచి హెన్రీ సైన్యం మీద పడ్డారు, అతను తన చక్రవర్తి జెండాని కూడా పోగొట్టుకుని వెనక్కి తగ్గాడు. ఇదంతా కనోస్సా మఠంలోనే ఉన్న దొనిజోనే అనే సన్యాసి లాటిన్ పద్యాల్లో రాశాడు. నవంబర్‌లో ఎప్పుడైనా ఆ బండ మీద పొగమంచులో నిలబడితే ఆయన అబద్ధం రాయలేదనిపిస్తుంది.

ఇంక గోడలు. కనోస్సాలో సాంత్ అపొల్లోనియో చర్చి కింది గది ఆనవాళ్లున్నాయి, ఆ వంశం వాళ్లని అక్కడే పూడ్చిపెట్టారు. పక్కనే చిన్న మ్యూజియం, తవ్వకాల్లో దొరికినవి అందులో ఉన్నాయి. ఆ మ్యూజియం ముందు చూసి తర్వాత బయట తిరగండి. బాగా కోసిన రాళ్లు ఎక్కడ వరసగా ఉన్నాయో, ఎక్కడ గులకరాళ్లు సున్నంలో పోసి నింపారో గమనిస్తే పాత పని ఏది, తర్వాతి మరమ్మతు ఏది అనేది మెల్లగా పట్టుబడుతుంది.

కాస్తెల్లో, రోక్కా, బోర్గో, తొర్రె, అన్నీ కోటలేనా?

కాస్తెల్లో అంటే కోట. రోక్కా అంటే ఎక్కువగా రక్షణ కోసం కట్టిన గట్టి దుర్గం. తొర్రె అంటే బురుజు లేదా ఒంటరి గోపురం. బోర్గో అంటే కోటనానుకుని పెరిగిన ఊరు. దారిలో పియెవె అనే బోర్డు కనిపిస్తే అది పల్లెల కోసం కట్టిన పాత చర్చి, వీలైతే కారు ఆపి చూడండి, ఒక్కోసారి కోట కన్నా పాతది అదే ఉంటుంది.

గుర్తుగా చిన్న రాయి, పెంకు ముక్క తెచ్చుకోవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. భూమిలో దొరికే పాత వస్తువులు ఇక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వానివి, తీసుకుంటే నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, ఒక పెంకు ముక్క ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే ఆ గోడ వయసు చెప్పగలరు, మన జేబులోకి వచ్చాక దానికి ఏ విలువా ఉండదు. గోడల మీదకి ఎక్కి ఫోటోలు కూడా మానుకోండి, సున్నం వదులైపోయిన గోడ మనిషి బరువు మోయదు.

పాములు ఉంటాయా? బోర్డుల మీద ఏదో రాసి ఉంటుంది, భయపడాలా?

వైపర్ పాములు ఉంటాయి, ఎండకి రాళ్ల మీద పడుకుంటాయి, మనిషి అడుగుల చప్పుడుకి అవే తప్పుకుంటాయి. రాళ్ల సందుల్లో చేయి పెట్టొద్దు, గడ్డిలో నడిచి వచ్చాక కాళ్లకి పేలలాంటి జెక్కె పురుగులు అంటుకున్నాయేమో చూసుకోండి. బోర్డుల్లో ఫ్రానా అంటే కొండచరియలు విరిగిపడే చోటు, పెరికోలో అంటే ప్రమాదం, ప్రొప్రియెతా ప్రివాతా అంటే ఒకరి సొంత స్థలం. శరదృతువు, చలికాలంలో బత్తూతా అల్ చింగ్యాలె అని కనిపిస్తే అడవిపందుల వేట జరుగుతోందని అర్థం, ఆ దారిలోకి పోవద్దు. వాన పడ్డ మర్నాడు కలాంకీ మట్టి మీద అస్సలు నడవకండి, మన నల్లరేగడిలా బూటుకి పట్టేస్తుంది, పైగా జారుతుంది. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేయండి.

## తిండి

మేం శాకాహారులం. ఆ కొండల్లో ఏం దొరుకుతుంది?

తొర్తెల్లీ వెర్దీ అడగండి, పిండి రేకుల్లో రికొత్తా, ఆకుకూర పెట్టి మడిచి, ఉడికించి వెన్నతో ఇస్తారు. గుమ్మడికాయ తొర్తెల్లీ తియ్యగా ఉంటాయి, అందరికీ నచ్చవు. జాగ్రత్త పడాల్సినవి రెండు: ఎర్బజ్జోనె అనే ఆకుకూర రొట్టె, న్యోక్కో ఫ్రిత్తో అనే పూరీలాంటిది. చూడ్డానికి రెండూ మనవే అనిపిస్తాయి, కానీ సాధారణంగా పందికొవ్వు వాడతారు. సెన్సా స్త్రుత్తో, సెన్సా లార్దో, అంటే పందికొవ్వు లేకుండా, అని చెప్పి కనుక్కోండి. ఇంకోటి కూడా చెప్పాలి, ఇక్కడి గర్వకారణమైన పార్మిజానో రెజ్జానో జున్నులో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వేస్తారు, అది లేకుండా చేసినదానికి ఆ పేరు పెట్టుకోనివ్వరు. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లకి ముందే చెప్పండి, తిన్నాక తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. మా ఇంట్లో అయితే అమ్మ వచ్చినప్పుడు పులిహోర డబ్బాలో కట్టుకుని కోట కింద చెట్టు నీడన కూర్చుని తింటాం, చెత్త మాత్రం సంచిలో వేసుకుని వెనక్కి తెస్తాం.

మధ్యాహ్నం మూడింటికి వెళ్తే భోజనం ఉంటుందా?

ఉండదు. వంటిల్లు పన్నెండున్నరకి తెరిచి రెండు, రెండున్నరకి కట్టేస్తారు, మళ్లీ రాత్రికే. ఆదివారం మధ్యాహ్నం ఇటాలియన్ కుటుంబాలన్నీ కొండల్లోకి భోజనానికే వస్తాయి, ఫోన్ చేసి బల్ల చెప్పుకోండి. బిల్లులో కోపెర్తో అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, ఇక్కడి పద్ధతి.

## ఇంకో రోజు ఉంటే

కనోస్సా నచ్చింది. ఇంకా లోపలికి వెళ్లాలంటే?

కార్పినేతికి వెళ్లండి. 800 మీటర్ల ఎత్తున గట్టు మీద కోట, పక్కనే చిన్న చర్చి, 1077లో కనోస్సా తర్వాత పోప్ గ్రెగరీ కొన్నాళ్లు ఉన్నది ఇక్కడే. 1092లో హెన్రీతో సంధి చేసుకుందామా, పోరాడదామా అని మతిల్దా మనుషులు చర్చించుకున్నదీ ఇక్కడే. చాలామంది సంధికే మొగ్గారు, జోవన్నీ అనే సన్యాసి ఒప్పుకోవద్దని పట్టుబట్టాడు, ఆవిడ ఆయన మాటే విన్నది. అక్కడి నుంచి పడమటి వైపు చూస్తే బల్లలాగా చదునైన ఒక పెద్ద బండ కనిపిస్తుంది, అది బిస్మాంతోవా, డాంటే తన కావ్యంలో పేరు పెట్టి చెప్పిన కొండ.

నడక ఇష్టమైన వాళ్లకి మాంతువా నుంచి లూక్కా దాకా మతిల్దా పేరు మీద సుమారు 285 కిలోమీటర్ల కాలిబాట ఉంది, కనోస్సా, కార్పినేతి రెండూ ఆ దారిలోనే వస్తాయి. మొత్తం నడవక్కర్లేదు. కనోస్సా నుంచి కార్పినేతి దాకా ఉన్న భాగాన్ని రెండు రోజులుగా విడగొట్టుకుని, మే నెలలో, నీళ్ల సీసాలు రెండు పెట్టుకుని బయల్దేరండి.